మేక గుండె, గంజి గ్లాసు, మీ చెయ్యి: మానవ శరీరాన్ని ఇంట్లో చదువుకోవడం ఎలా

అమలాపురం నుంచి భీమవరం దాకా ఏ ఊళ్ళో బైపీసీ చదువుతున్నా, గుండె బొమ్మ వెయ్యమంటే పిల్లలు రెండు నిమిషాల్లో వేసేస్తారు. ఎడమ జఠరిక (గుండెలో కింది గది) గోడ ఎందుకంత మందంగా గీశావని అడిగితే మాత్రం తెల్లమొహం వేస్తారు. తప్పు వాళ్ళది కాదు. బొమ్మ ఒక రోజు, దాని పని ఇంకో రోజు, అంకెలు పరీక్ష ముందు రాత్రి చదివితే అంతే వస్తుంది. ఏ అవయవానికైనా ఆకారం, పని ఒకే పూట చదవాలి. అదీ వీలైనంతవరకు చేత్తో తాకి చదవాలి. కింద చెప్పేవన్నీ అలా చదవడానికి పనికొచ్చే పనులే. వీటికి ల్యాబ్ అక్కర్లేదు.

సర్దుకోవలసినవి ఇవి: ఒక పాత తెల్ల బనియన్, స్కెచ్ పెన్, సెకన్లు చూపించే వాచీ లేదా ఫోను, తువ్వాలు, 30 సెంటీమీటర్ల స్కేలు, ఐదు లీటర్ల ఖాళీ నీళ్ళ క్యాను, మీటరు పొడుగు ప్లాస్టిక్ గొట్టం, మందుల షాపులో దొరికే పోవిడోన్ అయోడిన్ సీసా. ఒక ఆదివారం మేక గుండెకాయ ఒకటి, కిడ్నీ ఒకటి కావాలి.

ముందు కుడి ఎడమలు తేల్చుకోండి

పుస్తకంలో ఉన్నది మీకు ఎదురుగా నిలబడ్డ మనిషి బొమ్మ. ఆయన ఎడమ పక్క మీ కుడి చేతి వైపు ఉంటుంది. పరీక్షలో కర్ణికలు (గుండె పై గదులు) తారుమారయ్యేది ఎక్కువగా ఇక్కడే. ఒకసారి లేచి నిటారుగా నిలబడండి. చూపు ముందుకి, చేతులు పక్కలకి వదిలి, అరచేతులు ముందుకి. శరీర వర్ణన అంతా ఈ నిలుపు ప్రకారమే రాస్తారు. అరచేతులు ముందుకే ఎందుకంటే, ముంజేతిలోని రేడియస్, అల్నా ఎముకలు అప్పుడే ఒకదాని పక్కన ఒకటి సమాంతరంగా ఉంటాయి. ఎడమ చేత్తో కుడి ముంజెయ్యి పట్టుకుని అరచేతిని వెనక్కి తిప్పండి. రేడియస్ అల్నా మీదుగా అడ్డంగా దాటడం వేళ్ళకి తెలుస్తుంది.

బనియన్ మీద అవయవాలు

తమ్ముణ్ణి బతిమాలి ఆ పాత బనియన్ తొడగండి, లేదా మీరే తొడుక్కుని అద్దం ముందు నిలబడండి. మొదట పక్కటెముకలు లెక్కపెట్టడం రావాలి. మెడ కింద, రెండు కాలర్ ఎముకల మధ్య ఒక గుంట ఉంటుంది. అక్కణ్ణుంచి వేలిని రొమ్ము ఎముక మీదుగా నాలుగైదు సెంటీమీటర్లు కిందికి జార్చండి. అడ్డంగా చిన్న గట్టు ఒకటి తగులుతుంది. దానికి పక్కన అతుక్కునేది రెండో పక్కటెముక. మొదటిది కాలర్ ఎముక చాటున ఉండి సరిగ్గా చేతికి దొరకదు. అందుకే డాక్టర్లు కూడా రెండో దాన్నుంచే లెక్క మొదలుపెడతారు.

ఎడమ పక్కన అలా దిగుతూ ఐదో ఎముక దాకా రండి. దాని కింద ఉన్న సందు ఐదోది. కాలర్ ఎముక మధ్య నుంచి నిట్టనిలువుగా గీత దిగిందనుకుంటే, ఆ గీత ఈ సందుని కలిసే చోట, కొంచెం లోపలి వైపు, గుండె కొన కొట్టుకోవడం తగలాలి. తగలకపోతే ఎడమ పక్కకి ఒరిగి పడుకుని మళ్ళీ చూడండి. గుండె ఛాతీ గోడకి దగ్గరగా జరుగుతుంది.

ఆ చోట చుక్క పెట్టి గుండెని గీయండి. పిడికిలంత చాలు. మూడింట రెండు వంతులు మధ్యగీతకి ఎడమ పక్కన రావాలి. కాలేయం కుడి పక్కటెముకల చాటున, జీర్ణాశయం ఎడమ పక్కన, అపెండిక్స్ పొత్తికడుపు కుడి మూల. కిడ్నీలు వీపు వైపు గీయాలి. కుడి కిడ్నీ కాస్త దిగువకి గీయండి, పైన కాలేయం కూర్చుని ఉంటుంది కదా. పక్కటెముకలు 12 జతలు: మొదటి 7 జతలు రొమ్ము ఎముకకి నేరుగా అతుక్కుంటాయి, తర్వాతి 3 జతలు ఏడో దాని మృదులాస్థిని పట్టుకుని వస్తాయి, చివరి 2 జతలకి ముందు ఏ ఆధారమూ ఉండదు. బనియన్ మీద ఒకసారి గీసినవాడికి ఈ లెక్క బట్టీ పట్టాల్సిన పని ఉండదు.

నాడి, ఆ తర్వాత ముంజేతి సిర

మణికట్టు దగ్గర బొటనవేలి వైపు చూపుడు, మధ్య వేళ్ళు ఆనించి నాడి చూడండి. బొటనవేలితో చూడకూడదు, దానికీ సొంత నాడి ఉంటుంది. 30 సెకన్లు లెక్కపెట్టి రెండింతలు చెయ్యండి. కూర్చున్నప్పుడు 72 వచ్చిందనుకోండి. గుండె ఒక్కసారి కొట్టుకుంటే జఠరిక పంపేది సుమారు 70 మిల్లీలీటర్లు. గుణిస్తే 5,040. అంటే నిమిషానికి ఐదు లీటర్లు, మీ ఒంట్లో ఉన్న రక్తమంత. డాబా మెట్లు రెండుసార్లు ఎక్కి దిగి మళ్ళీ చూడండి, తర్వాత నిమిషానికోసారి నోట్‌బుక్‌లో రాయండి. నాడి మామూలుకి రావడానికి ఎంతసేపు పట్టిందన్నదే చూడాల్సిన సంగతి.

సిరల ప్రయోగం ఇంకా బాగుంటుంది. బక్కపలచగా ఉండి, నరాలు పైకి తేలిన చెయ్యి కావాలి. మన వైపు నరాలని పిలిచేవి నిజానికి సిరలే. కొబ్బరి దింపు తీసేవాళ్ళ ముంజేతులు దీనికి బ్రహ్మాండంగా ఉంటాయి. “బాబాయ్, ఒక్క రెండు నిమిషాలు చెయ్యి ఇటివ్వండి” అని అడిగి చూడండి, కాదనరు. షుగరు ఉన్నవాళ్ళ మీద, రక్తం పలచబడే మందులు వాడేవాళ్ళ మీద చేయకండి.

మోచేతికి పైన తువ్వాలు వదులుగా కట్టండి. మణికట్టులో నాడి ఆగకూడదు, సిరలు మాత్రం ఉబ్బాలి. ఉబ్బిన సిర వెంట అక్కడక్కడా చిన్న ముడుల్లాంటివి కనిపిస్తాయి. అవే కవాటాలు. ముడికి దిగువన, అంటే అరచేతి వైపు, ఒక వేలితో సిరని నొక్కి పట్టండి. రెండో వేలితో అక్కణ్ణుంచి మోచేతి వైపు రక్తాన్ని తోసుకుంటూ ముడి దాటించి, ఆ రెండో వేలు తీసెయ్యండి. ముడికి పైన సిర నిండుగానే ఉంటుంది. ముడికీ మొదటి వేలికీ మధ్య మాత్రం చదునుగా ఖాళీగా ఉండిపోతుంది. పైనున్న రక్తం వెనక్కి రాలేదు. ఇప్పుడు మొదటి వేలు తియ్యండి, చిటికెలో కింది నుంచి నిండుతుంది.

ఇంగ్లండు వైద్యుడు విలియం హార్వే 1628లో వేసిన పుస్తకంలో సరిగ్గా ఈ చేతి బొమ్మే ఉంది. రక్తం ఒకే దిక్కున తిరుగుతుందని ఆయన ఒప్పించింది ఇలాంటి రుజువులతోనే. ధమనుల్లోంచి సిరల్లోకి అది ఎక్కడ దాటుతుందో మాత్రం ఆయన చూపించలేకపోయాడు. 1661లో ఇటలీ శాస్త్రవేత్త మాల్పిజీ కప్ప ఊపిరితిత్తుల్లో కేశనాళికల్ని (ధమనుల్ని సిరలతో కలిపే అతి సన్నని నాళాల్ని) మైక్రోస్కోపులో చూశాక ఆ ఖాళీ పూడింది. తువ్వాలు రెండు నిమిషాలకి మించి ఉంచకండి.

ఆదివారం పని: గుండెకాయ

మొత్తంలో ఎక్కువ సమయం కేటాయించాల్సింది దీనికే. ఆదివారం పొద్దున్న మటన్ కొట్టు రద్దీలో అడిగితే వినే ఓపిక ఎవరికీ ఉండదు. శనివారం సాయంత్రమే చెప్పి ఉంచండి: “బాబాయ్, చదువుకోడానికి గుండెకాయ ఒకటి కావాలి. గాటు పెట్టకుండా, పైన గొట్టాలు కాస్త పొడుగ్గా ఉంచి ఇవ్వండి.” ఈ మాట చెప్పకపోతే గొట్టాలు మొదలంటా కోసేసి, రక్తం పోవడానికి మధ్యకి చీల్చి ఇస్తారు. కూరకి అదే బాగుంటుంది, మనకి పనికిరాదు. మేకదైనా పొట్టేలుదైనా ఒకటే. మీ ఇంట్లో మాంసం రానివ్వకపోతే నలుగురైదుగురు కలిసి కాలేజీ ల్యాబ్‌లో చేసుకోండి. అదీ వద్దనుకుంటే ఈ అంచె దాటేయండి, మిగతా చాలా వాటికి దీంతో పని లేదు.

చేతులకి గ్లవుజులు, కింద పాత పేపర్లు, కొత్త బ్లేడు. వంటింటి కత్తి జోలికి పోకండి, అమ్మ ఊరుకోదు. కోయబోయే ముందు పది నిమిషాలు వేళ్ళతోనే పరీక్షించండి. ముందు వైపు ఏటవాలుగా కొవ్వు నిండిన గాడి ఒకటి దిగుతుంది. అందులో పోయేవి గుండెకే రక్తం ఇచ్చే కరొనరీ నాళాలు. గాడికి ఒక పక్క నొక్కితే మెత్తగా లోపలికి పోతుంది, రెండో పక్క గట్టిగా ఉంటుంది. గట్టిగా ఉన్నది ఎడమ జఠరిక. గుండె కొన కూడా దానిదే. ఇక బొమ్మలో కుడి ఎడమలు మర్చిపోవడం కష్టం.

పైనున్న గొట్టాల్లో దళసరి గోడతో, నొక్కి వదిలినా గుండ్రంగా నిలబడేది బృహద్ధమని. దాని ముందు నుంచి పోయేది పుపుస ధమని. చివికిన గుడ్డలా చదునుగా పడిపోయేవి మహాసిరలు. అదే వాటి గుర్తు.

ఇప్పుడు గుండెని కుళాయి కింద బాగా కడిగి, గడ్డకట్టిన రక్తం తీసేసి, నిలువుగా పట్టుకుని బృహద్ధమనిలోకి నెమ్మదిగా నీళ్ళు పోయండి. నీళ్ళు లోపలికి దిగిపోకుండా గొట్టంలో నిలబడతాయి. కరొనరీల ద్వారా కాస్త కారవచ్చు, ఫరవాలేదు. గొట్టంలోకి తొంగి చూస్తే మూడు పలచని జేబులు ఒకదానికొకటి ఆనుకుని మూసుకుని కనిపిస్తాయి. వాటిని లాగి మూసే కండరం ఏదీ లేదు. కాటన్ దొర కాలం నుంచీ మన కాలవల మీద ఉన్న లాకుల తలుపులు ఎగువ నీటి తోపుడుకే బిగిసినట్టు, ఇవీ వెనక్కి రాబోయిన రక్తం ఒత్తిడికే మూసుకుంటాయి. స్టెతస్కోపులో “లబ్” అని మొదట వినిపించేది కర్ణికలకీ జఠరికలకీ మధ్య కవాటాలు మూసుకున్నప్పుడు, “డబ్” అనేది ఇప్పుడు మీరు చూసిన ఈ జేబులు మూసుకున్నప్పుడు. రెండూ మూతపడే చప్పుళ్ళే. తెరుచుకునే చప్పుడు ఆరోగ్యంగా ఉన్న గుండెలో వినపడదు.

తర్వాత బ్లేడు. ఎడమ జఠరికని పై నుంచి కొన దాకా ఒక గాటు, కుడి జఠరికకి విడిగా ఇంకో గాటు. రెండు గోడల మందం స్కేలుతో కొలిచి రాసుకోండి. ఎడమది కుడిదానికి రెండు మూడు రెట్లు ఉంటుంది. కుడి జఠరిక పక్కనే ఉన్న ఊపిరితిత్తులకి పంపితే చాలు, ఎడమది పాదాల దాకా పంపాలి. రెండూ ఒక్కో దెబ్బకి పంపే రక్తం మాత్రం సమానమే. ఒత్తిడిలోనే తేడా. ఈ ఒక్క వాక్యం అర్థమైతే సగం అధ్యాయం చదివినట్టే.

లోపల తెల్లటి దారాలు కవాటం రెక్కల నుంచి గోడ మీది కండర స్తంభాలకి కట్టి ఉంటాయి. ఒకదాన్ని వేలితో లాగండి, ఎంత గట్టివో తెలుస్తుంది. జఠరిక ముడుచుకున్నప్పుడు రెక్కలు కర్ణికలోకి తిరగబడకుండా పట్టుకునేవి ఇవే. చివరిగా బృహద్ధమనిని నిలువుగా చీల్చి ఆ మూడు జేబుల వెనక చూడండి. రెండు చోట్ల చిన్న రంధ్రాలు ఉంటాయి. కరొనరీ ధమనులు మొదలయ్యేది అక్కడే. ఎడమ జఠరిక బిగుసుకున్నప్పుడు దాని గోడలోని నాళాలు నలిగిపోతాయి కాబట్టి, ఆ గోడకి రక్తం ఎక్కువగా అందేది అది సడలినప్పుడు.

బల్ల మీద గంటసేపు పడున్నదాన్ని కూరలోకి వాడకండి. చేతులు, బల్ల సబ్బుతో కడగండి.

అదే రోజు కిడ్నీ

పైన ఉన్న పలచని పొర ఒలిచి, చిక్కుడు గింజని రెండు బద్దలు చేసినట్టు నిలువుగా కోయండి. బయట ముదురు రంగు వల్కలం, లోపల గీతలు గీతలుగా దవ్వ కనిపిస్తాయి. ఇక్కడ ఒక తేడా గుర్తుంచుకోవాలి. మనిషి కిడ్నీ దవ్వలో కోను ఆకారపు పిరమిడ్‌లు చాలా ఉంటాయి, మేకలో అవి కలిసిపోయి ఒకే గట్టులా ఉంటాయి. రికార్డులో మేకది చూసి మనిషిది అని వేస్తే తప్పు.

మనిషి రెండు కిడ్నీలూ కలిపి నిమిషానికి సుమారు 125 మిల్లీలీటర్లు వడకడతాయి. రోజుకి 180 లీటర్లు. బయటికి వచ్చే మూత్రం లీటరున్నర. మిగతాదంతా నాళికల్లోంచి తిరిగి రక్తంలోకే పోతుంది. మే నెలలో చెమటలు కారి మూత్రం ముదురు పసుపుగా వచ్చిన రోజున ఏడీహెచ్ గురించి చదవండి. మెదడు నుంచి వచ్చే ఆ హార్మోన్ నీళ్ళని ఇంకా ఎక్కువగా వెనక్కి లాగిస్తుంది. కోనసీమ ఉక్కపోతలో చెమట పట్టినా చల్లబడకపోవడానికి కారణం కూడా అప్పుడే చూసుకోండి: ఒంటిని చల్లబరిచేది చెమట ఆవిరవడం, గాలిలో తేమ ఎక్కువుంటే అది ఆవిరి కాదు, కారిపోతుంది.

గంజితో జీర్ణక్రియ

మూడు గ్లాసులు తీసుకుని ఒక్కోదాంట్లో అరగ్లాసు గోరువెచ్చని నీళ్ళు పోయండి. గంజి ఒక చెంచా చొప్పున వేస్తే చాలు, చిక్కగా ఉంటే పని జరగదు. నోరు పుక్కిలించి, కొంచెం ఆగి, ఒక చిన్న కప్పులోకి లాలాజలం ఉమ్మండి. మొదటి గ్లాసు అలా వదిలేయండి. రెండోదాంట్లో లాలాజలం ఒక చెంచా వేయండి. మూడోదాంట్లో ముందు వెనిగర్ రెండు చెంచాలు వేసి, ఆ తర్వాత లాలాజలం వేయండి. పావుగంట ఆగి మూడింట్లోనూ రెండేసి చుక్కలు అయోడిన్ వేయండి.

మొదటిది, మూడోది నీలిగా నల్లబడతాయి. రెండోది లేత గోధుమరంగులోనే ఉంటుంది, లేదా బాగా తక్కువ మారుతుంది. లాలాజలంలోని అమైలేజ్ పిండిపదార్థాన్ని విరగ్గొట్టేసింది. ఆమ్లంలో అది పని చేయలేదు, దానికి అనువైన పీహెచ్ 6.8 దరిదాపు. మింగిన అన్నం జీర్ణాశయంలోకి వెళ్ళాక అమైలేజ్ ఎందుకు ఆగిపోతుందో, చిన్నపేగులో క్లోమం నుంచి మళ్ళీ ఇంకో అమైలేజ్ ఎందుకు రావాలో ఇక్కడ తేలిపోతుంది. వెనిగర్ లేదని నిమ్మకాయ పిండకండి. నిమ్మరసంలోని విటమిన్ సి అయోడిన్ రంగునే పోగొడుతుంది, ఫలితం తలకిందులవుతుంది.

ఊపిరి కొలత

ఐదు లీటర్ల క్యాను మీద అరలీటరు సీసాతో నీళ్ళు పోస్తూ గుర్తులు పెట్టుకోండి. నిండా నింపి, మూతి చేత్తో మూసి, నీళ్ళున్న టబ్బులో తలకిందులుగా నిలబెట్టండి. కింది నుంచి గొట్టం మూతిలోకి దూర్చండి. గుండెల నిండా గాలి పీల్చి, ముక్కు మూసుకుని, చివరి దాకా గొట్టంలోకి ఊదండి. ఎన్ని నీళ్ళు బయటికి పోయాయో అదే మీ వైటల్ కెపాసిటీ. పుస్తకం లెక్క 3,500 నుంచి 4,500 మిల్లీలీటర్లు, కానీ ఎత్తు, వయసు, ఆడా మగా తేడాలతో తగ్గుతుంది, టెన్షన్ పడక్కర్లేదు. ఇప్పుడు మామూలుగా ఒక ఊపిరి వదలండి, అరలీటరు వస్తుంది. ఎంత ఊదినా లోపల ఇంకా 1,100 నుంచి 1,200 మిల్లీలీటర్లు మిగిలే ఉంటుంది. అది ఈ క్యానుతో కొలవలేం. ఉబ్బసం ఉన్నవాళ్ళు ఊదవద్దు. గొట్టంతో నీళ్ళు లోపలికి పీల్చకండి.

కండరం, నాడీవ్యవస్థ

ఒక చెయ్యి పైకెత్తి, ఒకటి కిందికి వేలాడేసి రెండు పిడికిళ్ళూ ఒకే వేగంతో మూసి తెరవండి. పైకెత్తింది ముందు అలిసిపోతుంది, దానికి రక్తం తక్కువ అందుతుంది. కండరం తన దగ్గర దాచుకున్న శక్తి ఎక్కడుందో వెతికినవాడు మన భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి 1927లో ఫాస్ఫోక్రియాటిన్ గురించి ప్రకటించాడు, 1929లో కణాలకి శక్తినిచ్చే ఏటీపీ గురించి. పుస్తకంలో ఏటీపీ అని వచ్చిన ప్రతిచోటా ఆ పేరు గుర్తు చేసుకోవడం మన హక్కు.

స్నేహితుడు స్కేలు వదిలితే మీరు రెండు వేళ్ళతో పట్టుకోండి. 15 సెంటీమీటర్ల దగ్గర పట్టుకుంటే మీకు పట్టిన సమయం 0.175 సెకను, 20 దగ్గరైతే 0.2. మోకాలి చిప్ప కింద తట్టినప్పుడు కాలు ఎగరడం ఇంతకంటే చాలా వేగం, అది వెన్నుపాము దగ్గరే తిరిగిపోతుంది. స్కేలు కబురు మాత్రం మెదడు దాకా పోయి రావాలి.

అంతస్స్రావ గ్రంథులకి (హార్మోన్లని నేరుగా రక్తంలోకి వదిలేవి) ఇంట్లో చేసే ప్రయోగం ఏదీ లేదు. పట్టిక గీసుకుని కూర్చుని చదవాల్సిందే.

శోషరసం, మన డెల్టా జబ్బు

కేశనాళికల్లోంచి బయటికి ఊరిన ద్రవంలో రోజుకి మూడు లీటర్ల దాకా నేరుగా తిరిగి వెళ్ళదు. దాన్ని పోగుచేసి కాలర్ ఎముకల కింది సిరల్లో కలిపేది శోషరస వ్యవస్థ. దీనికి గుండె లేదు. కండరాల కదలిక, నాళాల ముడుపు, మళ్ళీ ఆ కవాటాలే దిక్కు. చాలామంది ఒక పేరా చదివి వదిలేసే ఈ భాగం గోదావరి డెల్టాలో పెరిగినవాళ్ళకి బోదకాలు రూపంలో తెలుసు. క్యూలెక్స్ దోమ మోసుకొచ్చే ఫైలేరియా పురుగు పెద్దదై ఉండేది శోషరస నాళాల్లోనే. నాళాలు పాడైతే ద్రవం కాల్లో నిలిచిపోతుంది. ఆ పురుగు పిల్లలు రక్తంలో ఎక్కువగా తిరిగేది రాత్రిపూట, ఆరోగ్య కార్యకర్తలు రక్తపు చుక్క కోసం రాత్రి వచ్చేది అందుకే. బోదకాలు ఉన్నవాళ్ళని కాలు ఎత్తు మీద పెట్టుకోమని, మడమ ఆడించమని డాక్టర్లు చెప్పడానికి కారణం ఏమిటో పై నాలుగు వాక్యాలతో మీరే రాయగలగాలి. ఇది మంచి ప్రశ్న, రాసి చూడండి.

గీయడం, ఆ తర్వాత కాకినాడ

ఏ ప్రయోగం చేసినా ఆ సాయంత్రమే పుస్తకం మూసి బొమ్మ గీయండి. తర్వాత పుస్తకం తెరిచి ఎర్ర పెన్నుతో దిద్దండి. ఎర్రగీతలు పడ్డ చోట్లే మళ్ళీ చదవాలి, మొత్తం అధ్యాయం కాదు.

ఇవన్నీ అయ్యాక అసలు మానవ అవయవాలు చూడాలనుకుంటే మెడికల్ కాలేజీల అనాటమీ విభాగమే దారి. మనకి దగ్గర్లో కాకినాడ రంగరాయ ఉంది, అమలాపురంలో కిమ్స్ ఉంది. ఒక్కరే వెళ్ళి గేటు దగ్గర అడిగితే పని కాదు. మీ లెక్చరర్‌గారి చేత కాలేజీ లెటర్‌హెడ్ మీద ఉత్తరం రాయించి, ఎంతమంది వస్తారో చెప్పి, వాళ్ళు ఒప్పుకుంటే వాళ్ళిచ్చిన తేదీన వెళ్ళండి. ఫోటోలు తీయకూడదు, అవి ఒకప్పుడు మనుషులవి. లోపల ముందు కోసి పెట్టిన కిడ్నీ చూపించమనండి, పిరమిడ్‌లు లెక్కపెట్టండి. తర్వాత గుండె దగ్గర మీరు కొలిచిన మేక గోడల మందం కాగితం జేబులోంచి తీసి పక్కన పెట్టి చూసుకోండి.